పుస్తకం లేని రోజు

నేను ఇంగ్లీషు తలకిందులుగా చదవడం నేర్చుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా తెలియదు.

అదేమీ వింత విద్య కాదు. ఫిజీలో టాబియా ఊరి దగ్గర మా మిషన్ బడికి మొదట్లో ఒక్కటే ఇంగ్లీషు వాచకం ఉండేది. మాస్టరు దాన్ని చాప మధ్యలో పరిచి ఒక పక్కన కూర్చునేవారు. మగపిల్లలు ఆయనకి అటూ ఇటూ ఒరుసుకుంటూ చేరేవారు. ఆడపిల్లలం ఎదురుగా, చాప అవతలి అంచున. మాకు ఆవు బొమ్మ కాళ్ళు పైకెత్తుకుని కనిపించేది. ఓడ బొమ్మకి తెరచాప కింద వేలాడేది. మాస్టరు వెదురుపుల్లతో అక్షరం చూపించి పలికితే అందరం పలికేవాళ్ళం. నాకు కనిపించిన ఆకారమే దాని అసలు ఆకారం అనుకున్నాను.

నాతోపాటు ఆ వైపు కూర్చున్న ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకతె తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి, ఒకతె పొలానికి, ఒకతె అత్తవారింటికి. నేను మిగిలాను. చోటు మారమని ఎవరూ అనలేదు, మారతానని నేనూ అడగలేదు. తరవాత మరికొన్ని పుస్తకాలు వచ్చి, ఒక్కొక్కరినీ విడిగా చదవమన్నప్పుడు, నేను పుస్తకాన్ని నేలమీద పెట్టి దాని తలవైపు వెళ్ళి కూర్చునేదాన్ని. మాస్టరుకి సగం నా వీపే కనిపించేది. "అమ్మాయికి సిగ్గెక్కువ," అని ఊరుకునేవారు. సిగ్గు ఉన్నమాట నిజమే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

తెలుగు మాత్రం తిన్నగానే చదువుతాను. అది నాన్న నేర్పాడు. నాన్నా అమ్మా విశాఖపట్నం వైపు నుంచి గిర్మిట్ మీద, అంటే చెరుకు కంపెనీకి అయిదేళ్ళు చాకిరీ చేస్తామని వేలిముద్ర వేసి, ఓడెక్కి ఫిజీ వచ్చినప్పుడు నేను చంకలో పిల్లనట. లైన్లలో, అంటే కూలీల బారుగదుల్లో, మా గది ముందు బూడిద చల్లి, చెరుకు పుల్లతో నాన్న నాచేత అక్షరాలు దిద్దించేవాడు. ఆయనకి వచ్చింది తక్కువే, కాని వచ్చినదంతా నాకు పెట్టేశాడు. రోజూ సాయంత్రం నాలుగు ముక్కలు తెలుగులో రాసుకునే అలవాటు దానివల్లే వచ్చింది.

గిర్మిట్ తీరాక నాన్న టాబియాలో చిన్న చెక్క భూమి కౌలుకి తీసుకున్నాడు. అమ్మ మాత్రం కంపెనీ పొలంలో టాస్కుకి వెళ్ళడం మానలేదు. టాస్కు అంటే పొద్దున కూలీల మేస్త్రీ, అంటే సర్దారు, కొలిచి ఇచ్చే వరస. ఎండైనా వానైనా ఆ వరస కలుపు తీసి ముగిస్తేనే రోజు పూర్తయినట్టు. నా ఈడు పిల్లలందరూ అప్పటికే పార పట్టారు. నేను బడికి పోతూ ఉండడం చుట్టుపక్కల వాళ్ళకి ఎబ్బెట్టుగానే ఉండేది.

అటువంటి రోజుల్లో మాస్టరు ఒక కబురు తెచ్చారు. చెరుకు కోత మొదలయ్యేలోగా మిషన్ దొరసాని లాంచిలో వస్తుంది. చిన్నపిల్లలకి చదువు చెప్పడానికి బడిలో ఒక ఆడమనిషి కావాలి. మగ మాస్టరు దగ్గరికి ఆడపిల్లల్ని పంపడానికి తల్లులు జంకుతున్నారని దొరసానికి తెలిసిందట. మాస్టరు రెండు పేర్లు ఇచ్చారు: ఒకతె ఇంటి దగ్గరే చదువుకున్న బులిలేకా ఊరి సర్దారు కూతురు, రెండోది నేను. దొరసాని ఎదుట నిలబడి, పుస్తకం చేతిలో పట్టుకుని, ఎప్పుడూ చూడని పాఠం చదవాలి. చదివాక అందులో ఏముందో చెప్పాలి.

"నిలబడి" అన్నది ఒక పిడుగు. "చేతిలో పట్టుకుని" అన్నది రెండో పిడుగు.

ఇంట్లో చెప్పాను. ఆదివారం కావడంతో నాన్న పక్కింటి వాళ్ళతో కూర్చుని, ఇక్కడివాళ్ళు వేరు దంచి కలిపే యంగోనా తాగి వచ్చాడు. నాలుక మొద్దుబారినా మాట మాత్రం తేటగానే అన్నాడు.

"ఆ దొరసాని నిన్ను తీసుకుంటే బడి. లేపోతే కోత నాటినుండి మీ యమ్మెనకాల పొలానికి. మద్దెలో కూకోడం లేదు."

"గుంటని బెదిరిస్తావేటి?" అంది అమ్మ.

"బెదిరింపు కాదే. నీ నడుం సూడు ఎలాగైపోనాదో. ఒక్కదానివీ ఎన్నాళ్ళు ఈడుస్తావు?"

నాన్న కఠినుడు కాడు. అమ్మ నడుం నిజంగానే ఒక పక్కకి వంగిపోయింది. పొలానికి వెళితే అమ్మకి సాయం. వెళ్ళకపోతే నాకు పుస్తకం. ఈ రెండింట్లో ఏది కోరుకున్నా తప్పుగానే అనిపించేది.

పరీక్షకి తయారవడానికని మాస్టరు మూడో వాచకం ఇచ్చారు. ఉన్నది ఒక్క ప్రతి. ఒకరోజు సర్దారు కూతురికి, ఒకరోజు నాకు. తెల్లారగానే చెరుకు బళ్ళ ట్రాంలైను దాటే చోట ఇద్దరం కలుసుకుని, గుడ్డలో చుట్టిన పుస్తకం చేతులు మార్చుకోవాలి.

ఆ పిల్ల హిందీ మాట్లాడుతుంది. గలగలమంటూ ఉంటుంది. నన్ను చూడగానే, "ఏ మద్రాసీ లడ్కీ, కితాబ్ మే హల్దీ కాహే లగాయా?" అని అడిగింది. నిజంగానే అట్టమీద నా పసుపు వేలి గుర్తు పడింది. నేను తల దించుకుని గుడ్డతో తుడిచాను. అది ఇంకా పసుపెక్కింది. ఆ పిల్ల పకపకా నవ్వి పుస్తకం లాక్కుని పోయింది.

నాకు తెలిసిన చదువు ఒక్కటే: వల్లె వెయ్యడం. లైన్లలో ఉన్నప్పుడు నాన్న పద్యాలు రాగం తీసి చెప్పేవాడు, నేను వెంట చెప్పేదాన్ని. బడిలోనూ అంతే. మాస్టరు ఒక వాక్యం, మేమంతా ఒక వాక్యం, చివర్లో గొంతు సాగదీసి. కాబట్టి మూడో వాచకం చేతికి రాగానే, ఇంటి వెనక రొట్టెపండు చెట్టు కింద కూర్చుని, పుస్తకం తలకిందులుగా పెట్టుకుని, మొదటి పాఠం పాటగా కట్టేశాను. నేల కింద బొగ్గు తవ్వేవాళ్ళ గురించి ఆ పాఠం. సాయంత్రానికి ఒక్క ముక్క పొల్లుపోకుండా వచ్చేసింది. ఆ ఒక్క సాయంత్రం నాకు భయం లేదు.

మర్నాడు మాస్టరు అడిగారు. "బొగ్గుగనిలోకి దీపం ఎందుకు జాగ్రత్తగా తీసుకెళ్ళాలి?"

నేను నోరు తెరిచి పాట మొదటినుంచి ఎత్తుకున్నాను.

"అమ్మాయ్, ఆగు. పాట అడగలేదు నేను. దీపం సంగతి అడిగాను."

దీపం పాట మధ్యలో ఎక్కడో ఉంది. అక్కడికి చేరాలంటే మొదటినుంచి రావాలి. లోపల్లోపలే గబగబా పాడుకుంటూ వెళ్ళాను. దీపం దగ్గరికి చేరాను, ఆ వాక్యాలు కూడా చెప్పాను.

"చెప్పావు. దాని అర్థమేమిటి?"

పాటలో అర్థం లేదు. నేలలోకి దిగే గొయ్యి గాని, దీపం గాని, మనుషులు గాని నా కళ్ళకి ఎప్పుడూ కనిపించలేదు. కాళ్ళు పైకెత్తిన ఆవులాగా మాటలు వేలాడుతూ ఉన్నాయి. నేను గ్రామఫోను అన్నట్టు, వెనక కూర్చున్న మగపిల్లాడొకడు "పెట్టె పాట, పెట్టె పాట" అని గొణిగాడు. మాస్టరు వాణ్ణి కసిరి, ప్రశ్న ఇంకొకరికి వేశారు. ఆ రోజు సాయంత్రం రాసుకున్న ముక్క ఒకటే: నాకు చదువు రాదేమో.

అది పుస్తకం లేని రోజే, మధ్యాహ్నం బడి వదలగానే అమ్మకి రొట్టె, పప్పు తీసుకుని కంపెనీ పొలానికి వెళ్ళాను. ఆ రోజు వాన వల్ల వరసలు ఆలస్యంగా కొలిచారు. అక్కడి సర్దారు అప్పుడే కర్రతో అమ్మ వరస చూపించి ముందుకి పోయాడు. అమ్మ పక్క వరస కొత్తగా ఓడ దిగిన ఒక చిన్నదానిది. ఆమె వెంటనే వంగి పార వెయ్యడం మొదలుపెట్టింది. అమ్మ మాత్రం పార గట్టుమీద పడేసి, ఉత్త చేతులతో వరస చివరిదాకా నడిచి వెళ్ళింది. వెళుతూ అక్కడక్కడ చెరుకాకు ఒకటి ముడివేసింది. తిరిగి నడిచి వచ్చింది.

"ఏటత్తా, షికారేటి?" అంది పక్కావిడ.

"నువ్వు తవ్వే. సివరన గుంటలో నీల్లున్నాయి, దర్బలాగ గడ్డుంది. నీ ఓపికంతా ఇక్కడే పోగొట్టుకుని, అక్కడికెల్లి ఏడుద్దువు గాని."

"నీకెలా తెలిసింది?"

"నడిసొచ్చాను గదేటి."

దూరం నుంచి సర్దారు కేకేశాడు: "ఏ బుడ్ఢీ, కా తమాషా?" కంపెనీ తెల్లదొరని మేమంతా కులంబర్ అంటాం. ఆ కులంబర్ గుర్రంమీద వస్తున్నాడని సర్దారు కంగారు. అమ్మ తొందరపడలేదు. ముడివేసిన మొదటి ఆకు దాకా తీసింది, నిలబడి వెనక్కి చూసింది, తప్పిపోయిన రెండు దుబ్బులు పీకింది, అప్పుడు రెండో ముడి వైపు కదిలింది. లైన్లలో ఉన్ననాటి నుంచి ఆమె పద్ధతి అదేనట. మొదటి ఏడాది టాస్కు తీరక ఏడ్చి ఏడ్చి నేర్చుకుందట. అప్పుడు ఆ పద్ధతి నాకు ఏమీ చెప్పలేదు. అమ్మ నడుం చూస్తూ, కోతనాటికి నా చోటు ఆ పక్క వరసే కదా అనుకుంటూ నిలబడ్డాను.

మర్నాడు పుస్తకం చేతికి వచ్చింది. రెండో పాఠం గొర్రెల గురించి. పాట కట్టడానికి నోరు రాలేదు. మాస్టరు ముందు జరిగినది గుర్తుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, చదవకుండా ఊరికే పేజీలు తిప్పాను. పేరు చూశాను. బొమ్మలు చూశాను. ప్రతి పేరా మొదటి మాటలు చూశాను. చివర్లో ఉన్న ప్రశ్నలు చూశాను. అవి చివర్లో ఉన్నాయని అంతకుముందు నేను గమనించనే లేదు, పాట అక్కడికి రాకముందే అయిపోయేది. ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో కొంచెం తెలిసింది. అప్పుడు అమ్మ పొలం గుర్తుకొచ్చింది. ఎండిన చెరుకాకు చీల్చి, పాఠాన్ని ముక్కలు చేసి, ముక్కకొక పీలిక పెట్టాను. ముక్క చదవడం, పుస్తకం మూసి ఏముందో చెప్పుకోవడం, చెప్పలేనిది మళ్ళీ చూడడం. అర్థంకాని చోట ఇంకో పీలిక.

ఇది మంచి దారని అప్పుడు నమ్మకం కలగలేదు. పాటకి పట్టే సమయంలో సగం పాఠం కూడా కాలేదు. పుస్తకం రేపు నా దగ్గర ఉండదు.

తెల్లారి ట్రాంలైను దగ్గర సర్దారు కూతురు పుస్తకం విప్పింది. పీలికలు జలజలా రాలాయి.

"ఈ కితాబ్ హై కి గన్నా కా ఖేత్?" పుస్తకమా, చెరుకుతోటా అని, నడుంమీద చెయ్యి పెట్టుకుని అడిగింది. "ఎలకలు కూడా వస్తాయా ఇందులోంచి?" అన్నట్టుగా హిందీలోనే ఇంకేదో అని, పుస్తకం దులిపింది. నా గుర్తులన్నీ పోయాయి.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రం అమ్మ పొలం నుంచి వచ్చి, కాళ్ళు చాపుకుని పప్పు ఏరుతోంది. నా ముఖం చూసి, "ఏటే, ఏటయింది?" అంది.

"పుస్తకం లేదు. నిన్న చదివింది పోతోంది."

"పోతే పోనాది. ఉన్నంతమట్టుకు సెప్పు, ఇంటాను. ఏటి సదివినావు?"

అమ్మకి ఇంగ్లీషు రాదు. కాబట్టి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. గొర్రె ఒంటిమీద బొచ్చు ఉంటుంది, దాన్ని కత్తిరించి దారం తీస్తారు, బట్ట నేస్తారు అన్నాను.

"కత్తిరించీసినాక ఆటికి సలెయ్యదేటి?"

నాకు తెలియదు. పుస్తకంలో ఉందా? ఉందేమో. ఎప్పుడు కత్తిరిస్తారో ఒక వాక్యం ఉన్నట్టు గుర్తు.

"ఎవులు కత్తిరిస్తారు? ఆడోల్లా, మొగోల్లా?"

తెలియదు.

"మరేటి సదివినావే? సర్లే, మొన్నటి పాట ఏదో బొగ్గుదన్నావు, అదేటి?"

బొగ్గుగని చెప్పాను. పాట కాకుండా, తెలుగులో. గోతిలోకి దిగుతారు, లోపల చీకటి, మండే గాలి ఉంటుంది, అందుకని దీపాన్ని జాలీలో పెట్టుకుంటారు. చెబుతూ ఉండగానే దీపం ఎందుకో నాకు అర్థమైంది. మాస్టరు అడిగినదానికి జవాబు అదే.

అమ్మ పప్పు ఏరడం ఆపేసింది. "నేల కింద కూడా టాస్కేనా?"

"ఏమో."

"కులంబర్ దిగుతాడేటి లోపలికి?"

"అది లేదు పుస్తకంలో."

"ఉండదు. ఆడు పైనే ఉంటాడు," అంది అమ్మ తేల్చేసినట్టు, మళ్ళీ పప్పులోకి చూస్తూ.

అమ్మ అడిగినవాటిలో నాకు రానివన్నీ మనసులో పెట్టుకున్నాను. మర్నాడు పుస్తకం రాగానే కొత్త పాఠం జోలికి పోకుండా ముందు వాటిని వెతికాను. గొర్రెల్ని ఎండలు వచ్చే ముందు కత్తిరిస్తారని ఉంది. ఆ వాక్యం అంతకుముందు నేను చదివిందే, కాని అడిగేవాళ్ళు లేనందువల్ల దానిమీంచి నడిచి వెళ్ళిపోయాను. ఈసారి అది వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు.

అప్పటినుంచి పుస్తకం లేని రోజు అమ్మకి చెప్పే రోజైంది. మొదట్లో ఆ రోజంటే నాకు ప్రాణం మీదికి వచ్చేది. చేతిలో ఏమీ లేకుండా ఎదుటిమనిషి ముందు నిలబడాలి. పాత పాఠాలు కూడా అమ్మ వదిలేది కాదు. "గొర్రెలేటయినాయి?" అని వారం పోయాక అడిగేది, బంధువుల యోగక్షేమాలు అడిగినట్టు. కొంత మరిచిపోయి ఉండేదాన్ని. తడుముకుంటూ తెచ్చుకునేదాన్ని. ఒక సంగతి మాత్రం గమనించాను: పుస్తకం ఎదురుగా ఉన్నప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది. మూసినప్పుడే ఎంత వచ్చిందో తెలుస్తుంది.

ఇంత చెప్పినా, నా అసలు భయం అలాగే ఉంది. పుస్తకం ఇంకా తలకిందులుగానే చదువుతున్నాను.

రొట్టెపండు చెట్టు వెనక నిలబడి పుస్తకాన్ని తిన్నగా పట్టుకుని చూశాను. అన్నీ తెలిసిన ముఖాలే, కాని ఎవరో ఏమిటో పోల్చుకోలేకపోయాను. బి అనుకున్నది క్యూ, పి అనుకున్నది డి. చూపు కుడినుంచి ఎడమకి పోవడానికి అలవాటుపడి, ఎడమనుంచి మొదలుపెట్టగానే కళ్ళు తిరిగాయి. మొదటి రోజు నాలుగు వరసలు కూడా దాటలేదు. చిన్నపిల్లల మొదటి వాచకం తెచ్చుకుని, పిల్లి, కుండ, చాప అని కూడబలుక్కున్నాను. కొన్నాళ్ళకి తిన్నగా కొంచెం వచ్చింది. కాని అప్పుడు ఇంకో దిగులు పట్టుకుంది. తలకిందుల చదువు కూడా తడబడడం మొదలైంది. రెండు గట్లకీ అందకుండా నదిలో మునిగిపోతానేమో అనిపించేది. పరీక్ష ఇంకా దూరం జరిగితే బాగుండునని ఒకరోజు, రేపే అయిపోతే బాగుండునని ఒకరోజు కోరుకున్నాను.

దొరసాని వచ్చింది. లంబాసా నది రేవులో లాంచి దిగి, ట్రాలీలో ట్రాంలైను వెంట టాబియా చేరింది. తెల్ల గౌను అంచుకి బురద. బడిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమెకి హిందీ వచ్చు, నెమ్మదిగా, ఒక్కో మాట పేర్చినట్టు మాట్లాడుతుంది.

ముందు సర్దారు కూతుర్ని పిలిచారు. నేను గుమ్మం పక్కన నిలబడి విన్నాను. ఏరు పారినట్టు చదివింది. అంత చక్కని చదువు ఆ బడిలో నేనెప్పుడూ వినలేదు. చదివాక దొరసాని ఏదో అడిగింది. ఆ పిల్ల ఒకదానికి చెప్పింది. రెండోదానికి చదివిందే మళ్ళీ అప్పజెప్పింది. మూడోదానికి మాట వినిపించలేదు.

బయటికి వస్తూ నా పక్కన ఆగింది. ఎప్పుడూ గలగలలాడే ముఖం పాలిపోయి ఉంది. "దేఖో," అని చేతులు చాపింది. వేళ్ళు వణుకుతున్నాయి. "పఢ్నా తో ఠీక్ హై. ఊ పూఛే కాహే?" చదవమంటే చదివాం కదా, మళ్ళీ ఈ అడగడమెందుకు అని ఆమె బాధ. నేను ఆమె చేతులు పట్టుకున్నాను.

దొరసాని నా చేతికి పుస్తకం ఇచ్చింది. తేయాకు పాఠం. చేతిలోకి రాగానే పుస్తకం దానంతటదే తలకిందులైంది. నేను తిప్పలేదు, చేతులు తిప్పాయి. దొరసాని నవ్వి, కంగారు పడ్డాననుకుని, లేచి తిన్నగా పెట్టింది. మాస్టరు కూడా నవ్వారు.

"చదువు," అంది దొరసాని.

"ఒకసారి మొత్తం చూస్తాను," అన్నాను హిందీలో. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. మాస్టరు కుర్చీలో ముందుకి వంగారు. దొరసాని ఆయన వైపు చూసి, సరే అన్నట్టు తలూపింది.

పేరు చూశాను. బొమ్మ చూశాను: కొండ, బుట్టలు వీపున కట్టుకున్న ఆడవాళ్ళు. పేరాల మొదళ్ళు చూశాను. చివర ప్రశ్నలు చూశాను. నా కళ్ళు పేజీ మీద నడుస్తున్న చప్పుడు అందరికీ వినిపిస్తోందేమో అనిపించింది. తరవాత చదివాను. ఏరులా కాదు. ముళ్ళదారిలో చెప్పుల్లేకుండా నడిచినట్టు. రెండుచోట్ల ఆగిపోయాను. ఒకచోట తప్పు చదివి మళ్ళీ చదివాను. దొరసాని రెండుసార్లు కుర్చీ దగ్గరికి జరుపుకుంది, నా గొంతు ఆమెకి అందలేదు.

ఆమె పుస్తకం తీసుకుని మూసింది. "ఏముంది ఇందులో?"

పుస్తకం లేదు. అమ్మ పప్పు ఏరుతున్నట్టు అనుకుని, హిందీలో చెప్పుకుంటూ పోయాను. లేత ఆకులే కోస్తారు, ముదురాకు చేదు. కోసిన రోజే వాడబెట్టాలి, లేకపోతే చెడిపోతుంది. నలుపుతారు, ఆరబెడతారు, పెట్టెల్లో ఓడెక్కిస్తారు. ఒక మాట నాకు తెలియదని, అది ఏ పేరాలో ఉందో కూడా చెప్పాను.

"కోసేవాళ్ళకి ఈ పని ఇష్టమేనా?" అని అడిగింది.

"పాఠంలో లేదు," అన్నాను.

దొరసాని పుస్తకం మాస్టరుకి అందించింది. "బహుత్ ధీరే పఢ్తీ హై," అంది మాస్టరుతో. చాలా మెల్లగా చదువుతుంది, గొంతు కూడా లేదు అని. నిర్ణయం మాస్టరుకి కబురు పంపుతానని లాంచికి వెళ్ళిపోయింది.

కబురు రాలేదు. కోత మొదలైంది. చెరుకు మిల్లు పొద్దునే కూత పెట్టింది. అమ్మ గుమ్మం దగ్గర రెండో పార ఆనించి పెట్టింది. నేను అది తీసుకుని ఆమె వెనక నడిచాను. కోత కాని చెక్కల్లో కలుపు పని. పక్క వరసలో చిన్నది నన్ను చూసి, "అప్పా, నువ్వూ వొచ్చీసినావేటి? పుస్తకం అయిపోనాదా?" అంది. నేను నవ్వడానికి ప్రయత్నించాను. చేతులు బొబ్బలెక్కాయి. అమ్మ నా వరసలో కూడా సగం తీస్తూ ఉండేది, నేను చూడనట్టు.

రోజూ సర్దారు కూతురి గొంతు బడిలోంచి వినిపిస్తున్నట్టు అనిపించేది. ఆమె చదువే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను.

ఒక మధ్యాహ్నం ట్రాంలైను వెంట నల్ల గొడుగు వేసుకుని మాస్టరు వచ్చారు. ఆయన పొలానికి రావడం ఎవరూ ఎరగరు. సర్దారు ఎదురెళ్ళాడు. "క్యా మాస్టర్, టాస్కు చెయ్యడానికొచ్చారా?" అని హాస్యమాడాడు. మాస్టరు గట్టుమీదే నిలబడి, గొడుగు తీయకుండా, అమ్మని ఉద్దేశించి గట్టిగా చెప్పారు.

"అమ్మా, దొరసాని ఉత్తరం వచ్చింది. మీ అమ్మాయిని తీసుకుంటారట. ముందు ఈ కోత అయ్యేవరకు చూస్తారు. పిల్లలకి చెప్పగలిగితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. గొంతు పెంచుకోవాలని రాశారు. వచ్చేటట్టయితే ఇప్పుడే రమ్మనండి, పిల్లలు కూర్చుని ఉన్నారు."

పిల్లలకి చెప్పలేకపోతే? మళ్ళీ ఇక్కడికే రావాలి, అందరూ చూస్తుండగా. నా వరస సగం కూడా కాలేదు. అది కూడా అమ్మ మీదే పడుతుంది. పార చేతిలో పట్టుకుని అమ్మ వైపు చూశాను. అమ్మ వంగిన నడుం ఎత్తలేదు. నా వరసలోకి జరిగి, నా చేతిలో పార లాక్కుంది.

"ఏటే సూస్తావు? ఆ గుంటలో సేతులు కడుక్కుని పో. మట్టి సేతుల్తో పుస్తకం ముట్టుకుంటావేటి?"